మూడో మలుపు

“మంగళవారం కొండ. బుధవారం ఏటి ఒడ్డు పాత ఊరు, గురువారం రాతి వంతెనల ఊరు.” షుఫెన్ కాగితాన్ని తండ్రి మంచం మీద పరిచింది. “ఏడు రోజులే నాన్నా. ఆ తర్వాత ప్రయాణమే వద్దన్నాడు డాక్టరు.”

తండ్రి దెఛాయ్ తన దగ్గు ఆగేదాకా ఉండి, కొండ పేరు మీద గోటితో గీత గీశాడు. “ఊళ్లు చాలు.”

“ఆ కొండ అంచున ఉన్నది నువ్వు వేసిన దారి నాన్నా! ఎక్కడెక్కడి జనమో వచ్చి ఫొటోలు దిగుతున్నారు. డోలీ మాట్లాడాను, ఆక్సిజన్ సిలిండరు తెస్తాను. ఎందుకీ మొండితనం?”

ఆయన దిండు కింది ఎక్స్‌రే తీసి కిటికీ వెలుగుకు పట్టాడు. ఊపిరితిత్తుల నిండా తెల్లటి మచ్చలు.

“ఆరేళ్లు తాడుకు వేలాడుతూ ఆ బండకు బెజ్జాలు కొట్టా. ఆ రాతి పొడే ఇది.”

“సిగరెట్ల వల్లన్నావు కదా!”

ఆయన ఎక్స్‌రేను మళ్లీ దిండు కింద పెట్టేశాడు. షుఫెన్ కలం తీసి కొండను కొట్టేయబోయింది. అక్షరాలు కళ్లకు ఆనలేదు. తండ్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఉండనీ. నేను కింద టీ కొట్లో కూర్చుంటా, నువ్వెక్కు. మూడో మలుపులో కాళ్లు వణుకుతాయి. భయపడకు, అక్కడి ఇనప కమ్మీ గట్టిగా పట్టుకో. అది నేను బిగించిందే.”