స్పాంజి కడగొద్దు

“అత్తమ్మా, ఆ స్పాంజి కడగొద్దు!”

తిరుమల పరుగెత్తుకొచ్చేసరికి సారలమ్మ చెయ్యి నల్లా మీదే ఉంది. కోడలు ఆ అక్వేరియం ఫిల్టర్ స్పాంజిని లాక్కుంది. నీళ్లు సింకులో పడ్డాయి కానీ స్పాంజి తడవలేదు.

“కడగకుంటే ఎట్ల బిడ్డా? జిగట జిగట ఉన్నది. గసాల లెక్క ఏందో అంటుకున్నది కూడ.”

“ఆ జిగటలనే మంచి బ్యాక్టీరియా ఉంటది. చేపల మురికిని అదే తింటది. నల్లా నీళ్లల్ల క్లోరిన్ తగిలితే చస్తది.”

“చదువుకున్నోళ్ల ఇంట్ల మురికిక్కూడ మర్యాదే,” అంది సారలమ్మ.

పెళ్లయి మూడు వారాలు. తిరుమల హన్మకొండలోని ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే భర్త భరత్ ఆమెకు అక్వేరియం కొనిచ్చాడు. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఒకటి నారింజ రంగుది, ఒకటి తెల్లది. ఇప్పుడు నారింజ చేప చెంపల మీద తెల్ల చుక్కలు మొలిచాయి. రెండు రోజులుగా దానికి కుదురు లేదు. తెల్లచేపను మూలమూలకూ తరుముతూ, దాని పొట్టకు ఒరుసుకుంటోంది.

“దురద. తెల్లమచ్చల రోగం,” అని తేల్చింది తిరుమల. ఆమె మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ.

“కొత్త కోడలితోని వచ్చిన జీవాలు,” సారలమ్మ గొంతు తగ్గించింది. “వాటికేమన్న అయితే నలుగురు నోటికొచ్చింది అంటరు బిడ్డా.”

“ఏం కానియ్య అత్తమ్మా. మాటిస్తున్న.”

చేపల దుకాణం యాదగిరి మందు సీసా తీయబోతూ, “జర ఫొటో చూపెట్టు చెల్లె,” అన్నాడు.

“అవసరం లేదన్నా. నా సబ్జెక్టే అది.”

ఇంటికొచ్చి కొంగు దోపుకుంది. భరత్ బకెట్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఫిల్టర్‌లోంచి మొదట బొగ్గు సంచి బయటికొచ్చింది.

“దీన్నెందుకు తీసేస్తున్నవ్?”

“ఉంచితే మందంత ఇదే గుంజుకుంటది. చేపకేం మిగలదు.”

“మరి ఈ పింగాణీ గొట్టాలు, స్పాంజి?”

“వీటికి మందు తగిలితే మంచి బ్యాక్టీరియా చస్తది. అందుకే మందు పోయకముందే ట్యాంకు నీళ్లు బకెట్ల పట్టి, అండ్ల పెడ్తం. గాలి పైపు కూడ వేస్తం.”

“అంటే బ్యాక్టీరియాను పుట్టింటికి తోలుతున్నవన్నట్టు.”

“పది రోజులే. నువ్వు నన్ను అన్ని రోజులు తోలుతవా?”

“నీళ్లల్ల పెట్టి తోలుత,” అన్నాడు భరత్. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

బకెట్‌కు పలుచని గుడ్డ కట్టి బాల్కనీ నీడలో పెట్టింది. దోమలు గుడ్లు పెడతాయని ఆ గుడ్డను ఎవరినీ విప్పనివ్వలేదు. ట్యాంకులో కొలత ప్రకారం మందు పోసింది. రోజూ పావు వంతు నీళ్లు మార్చింది. నాలుగో రోజుకు తరమడం ఆగింది. పదో రోజుకు చుక్కలు మాయమయ్యాయి.

సారలమ్మ పట్టలేకపోయింది. “మా కోడలు చేపల డాక్టర్ వదినా! సూది లేదు, గోలి లేదు!” అని ఫోన్లో వాడకట్టంతా చెప్పింది. భరత్ ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. నీళ్లలో మిగిలిన మందును పీల్చడానికి కొత్త బొగ్గు కావాలంటే, ఆ ఘనత కళ్లారా చూస్తానని యాదగిరి తానే సంచి పట్టుకొచ్చాడు.

అందరి ముందూ తిరుమల బకెట్ గుడ్డ విప్పింది.

నీళ్ల నిండా వెంట్రుకల్లా ఏవో కదులుతున్నాయి.

“దోమ పిల్లలు! డెంగ్యూ వస్తది!” సారలమ్మ బకెట్ ఎత్తింది. తిరుమల ముఖం పాలిపోయింది. పది రోజుల గొప్ప మోరీలోకి వంగుతుంటే ఆమెకు అడ్డుపడే ధైర్యం కూడా రాలేదు.

“ఆగక్కా!” యాదగిరి ఓ గాజు గ్లాసులో ఆ నీళ్లు ముంచి వెలుతురుకు పట్టాడు. “దోమలు కావివి. చేప పిల్లలు.”

“చేపలు ట్యాంకుల, పిల్లలు బకెట్లనా?”

“ఆడచేప గుడ్లు స్పాంజికి పెట్టింది. ట్యాంకుల ఉంటే పెద్ద చేపలే మింగేటియి. నల్లా కింద కడిగితే ఒక్కటి మిగలకపోతుండె. నీ కోడలు కాపాడింది.”

సారలమ్మ బకెట్‌ను పసిబిడ్డలా కిందికి దించి, కోడలి తల నిమిరింది. తిరుమలకు ఒకటే అర్థం కాలేదు.

“రోగంతోని గుడ్లెట్ల పెట్టినయన్నా?”

“చుక్కలు ఒంటినిండనా, జతకొచ్చిన మగదాని లెక్క చెంపల మీదనేనా?”

“చెంపల మీదనే.”

యాదగిరి కొత్త జంట వంక చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

“అది రోగం కాదు చెల్లె, సంసారం.”