రాహేలమ్మ గడప

ఇప్పుడు ఇంటి గడప ఎత్తు పెంచాలన్నా మున్సిపాలిటీ వాళ్ల వాననీటి కంప్యూటర్ మోడల్ ఒప్పుకోవాలి. వాన పడ్డప్పుడల్లా వీధి మురుగు వంటింట్లోకి వస్తోందని, గడప జానెడు పెంచుకుంటానని రాహేలమ్మ దరఖాస్తు పెట్టింది. మోడల్ ఆమె ఇంటిని కంప్యూటర్లో పాత గడపతో ఒకసారి, కొత్త గడపతో ఒకసారి కట్టి, రెండింటి మీదా వాన కురిపించింది. జవాబు చెప్పడానికి ఇంజనీరు తిరుమలరావు వచ్చేసరికి ఆమె వంటింట్లో బురద ఎత్తుతోంది.

“కుదరదమ్మా. గడప లేపితే చెరువు పాడవుతుందంట.”

“నా గడపకీ చెరువుకీ ఏంటి బాబూ సంబంధం?”

“వీధి మురుగు మీ ఇంట్లో ఆగుతోంది. మట్టీ చెత్తా ఇక్కడే దిగిపోయి, పెరటి తూములోంచి తేట నీళ్లు చెరువుకి పోతున్నాయి. మేం కట్టిన శుద్ధి గుంతల కంటే మీ వంటిల్లే బాగా పనిచేస్తోందని మోడల్లో వచ్చింది.”

“అయితే ఆ గుంతల్లో మీరు వంట చేసుకోండి.”

తిరుమలరావు నవ్వలేదు. గోడకు ‘శుద్ధి కేంద్రం’ అన్న పలక బిగించి, ఆమె చేతిలోని తట్ట వైపు చూశాడు.

“ఒక్క మాటమ్మా. ఈసారి నీళ్లొస్తే మట్టి అడుక్కి దిగేదాకా కదపకండి. మీరు తొందరపడి ఊడ్చేస్తుంటే చెరువుకి శుభ్రత మార్కులు తగ్గుతున్నాయి.”