రోడ్డవతలి పొద్దుతిరుగుడు

“ముందు ఆ పూలు పీకెయ్యమను. అప్పుడు తీస్తా తాళం,” అన్నాడు రామలింగయ్య, తాళంచెవిని మొలతాడుకు ముడేసుకుంటూ.

కూతురు భ్రమరాంబకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తాళం వేసింది బోరు మోటరు పెట్టెకు. కొమరోలు దగ్గరి ఆ మెట్టచేలల్లో ఆయనా, రోడ్డవతలి నాగభూషణమూ కలిసి వేయించుకున్న బోరు అది. ఎన్ని కరువులొచ్చినా నీళ్ల దగ్గర ఇద్దరికీ మాట తేడా రాలేదు. ఇప్పుడు నాగభూషణం పొద్దుతిరుగుడు నిండుపూత మీద ఉండి, తడి లేక తలలు వేలాడేస్తోంది.

అంతా తన మూలంగానే. ఆమె నెల్లూరు వైపు సముద్రతీరాన ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. మన ఒంటికి ఒకసారి సోకిన జబ్బు గుర్తుంటుంది, రొయ్యకు ఆ జ్ఞాపకం ఉండదు. అయినా పుట్టుకతో వచ్చిన కణాలతోనే, తనను తాకినది చుట్టమో శత్రువో పసిగడుతుంది. ఎలా పసిగడుతుందన్నదే భ్రమరాంబ చదువు. తెల్లారితే రొయ్యల రక్తం తీయడం, పెంకులు నూరడం, వాటిలోని అణువులను వేరు చేయడం. సముద్రం చూడని తండ్రికి ఆ పని ఏమిటో ఇప్పటికీ అర్థం కాదు. తెలిసినవాళ్లు అడిగితే మందుల పరిశోధన అని చెప్తాడు.

పరిశోధనశాల ఏసీ చలికి ఆమెకు ఎప్పుడూ ఉండే జలుబు సరే, ఊరికొస్తే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. సెలవు దొరికే రెండు రోజులూ తుమ్ములు, పిల్లికూతలు. ఒక మాఘమాసంలో, పొద్దంతా పెంకులు నూరి అట్నుంచటే ఊరికొచ్చిన రోజు, బస్సు దిగి గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఊపిరాడక కూలబడిపోయింది. చుట్టూ విరగబూసిన పొద్దుతిరుగుడు. పుప్పొడి పడటం లేదని ఊరంతా తేల్చింది, ఆమె కూడా తలూపింది. మరుసటేడు రామలింగయ్య పొద్దుతిరుగుడు మానేసి శనగ వేశాడు. నాగభూషణాన్నీ మానమన్నాడు. ఆయన మానలేదు.

ఈసారి ఆమె వచ్చింది రెండు రోజులకు కాదు. తొట్లలో తెల్లమచ్చల జబ్బు దూరి రొయ్యలన్నీ వెల్లకిలా తేలిపోయాయి. ఏ రక్షణ గురించి ఏళ్లుగా చదువుతోందో ఆ రక్షణ వాటిని కాపాడలేదు. తొట్లు కడిగి మళ్లీ మొదలుపెట్టేదాకా ఇంటికెళ్లమని గైడు చెప్పాడు. చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరయింది. ఆ కడుపుమంట మీద ఇంటికొస్తే ఇక్కడ ఈ తగాదా.

వచ్చిన కొత్తలో ఎప్పటిలాగే ఆయాసపడింది. రోజులు గడిచేకొద్దీ తగ్గి, చివరికి ముక్కు చీదే పని కూడా లేకపోయింది. అంతా శనగ చలవేనని తండ్రి మీసం దువ్వాడు. నాగభూషణం మాత్రం ఒకరోజు దారిలో నిలబెట్టి అడిగాడు.

“నా పూలు ఎదురుగానే ఉండాయి గదమ్మాయ్. మరి ఇప్పుడు తుమ్మవేంది?”

“గాలి ఇప్పుడు అటు కొడతాంది మామా. తిరిగిందంటే తెలుస్తుంది.”

“సైన్సు చదివినదానివి, గాలి మీద తోస్తే ఎట్ల? రుజువు చూపియ్యి. నా చేత్తో నేనే పీకేస్తా.”

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడే మార్కాపురంలో అలర్జీలు చూసే డాక్టరు కరుణాకరం దగ్గరికి వెళ్లింది. ఆయన తినేవీ తాగేవీ, ఉండే చోటూ చేసే పనీ అన్నీ విచారించి, వారం పాటు తుమ్ముల మాత్రలు ఆపి రమ్మన్నాడు. ఆ వారం ఆమె మాత్రల వైపు చూడలేదు. తుమ్ములూ రాలేదు.

పరీక్షకు తండ్రినీ నాగభూషణాన్నీ వెంటబెట్టుకుని బయల్దేరింది. బస్సులో ఇద్దరూ చెరో కిటికీ వైపు ముఖం తిప్పుకున్నారు. గిద్దలూరులో నాగభూషణం మూడు జామకాయలు కొని, మూడూ ఆమె ఒళ్లో పెట్టాడు. తండ్రికి ఒకటి అందిస్తే ఆయన ఆకలి లేదన్నాడు.

ఆసుపత్రిలో నర్సు ఆమె ముంజేతి మీద పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో మందుచుక్క పెట్టి, సన్నటి సూదితో గీరింది. కదలకుండా కూర్చోమని చెప్పి వెళ్లింది. కాసేపటికి ఒకచోట దురద మొదలైంది. ముందు జొన్నగింజంత, తర్వాత శనగగింజంత ఉబ్బి చుట్టూ ఎర్రబడింది. మిగతావన్నీ గీరిన గుర్తులుగానే మిగిలాయి.

“చూసినావా?” అన్నాడు రామలింగయ్య. ఎన్ని నెలల తర్వాతో నాగభూషణంతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

నాగభూషణం ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు. తలెత్తకుండానే అన్నాడు.

“సరే బావా. నేనే మొండికేసినా. రేపే దున్నిచ్చేస్తా. బిడ్డ ఊపిరి కంటే పూలెక్కువా.”

గెలిచినట్టు అనిపించలేదు భ్రమరాంబకు. రామలింగయ్య మొలతాడు ముడి విప్పి, తాళంచెవి తీసి నాగభూషణం చేతిలో పెట్టాడు. అది అందుకుని నాగభూషణం తలపాగా చెంగుతో కళ్లు ఒత్తుకున్నాడు.

డాక్టరు వచ్చి ఆమె చేతిని దీపం కిందికి జరుపుకుని, ఉబ్బిన చోటును స్కేలుతో కొలిచాడు. అంకె చూశాడు. మళ్లీ ఒకసారి చూశాడు.

“పొద్దుతిరుగుడే గద సార్?” అన్నాడు రామలింగయ్య. “మావోడికి ఒక్కమాట మీ నోటితో చెప్పండి, మనసు కుదుటపడుతుంది.”

“అది పువ్వు కాదు పెద్దాయనా, రొయ్య.”