నలభై ఒకటో విస్తరి

"జేసీబీ ఆపు సారూ! జర గంట టైమియ్యి, అన్నం తిని పోతం!"

కనకరాజు డైనింగ్ హాలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. చంకలో విస్తరాకుల కట్ట.

సైట్ ఇంజనీరు తేజేష్‌కు చిర్రెత్తుకొచ్చింది. నాచారంలో ఒకప్పటి అనాథ బాలుర హాస్టల్ అది. కూల్చగా మిగిలింది ఈ హాలొక్కటే. సాయంత్రానికి ఇదీ నేలమట్టం కాకపోతే ఉద్యోగం ఊడుతుందని ఓనరు గోపాలరావు పొద్దున్నే ఫోన్లో చెప్పేశారు. ఆయనకు ఫోన్లో కేకలేయడమే తెలుసు, ఒక్కసారైనా సైటుకు వచ్చిన పాపాన పోలేదు.

"ఇప్పుడేం భోజనాలు పెద్దాయనా?"

"ఇయ్యాల మా పుట్టినరోజు. మాకు తారీఖులు తెల్వయి. హాస్టల్ మొదలైన దినమే అందరికీ రాసిన్రు."

అంతలోనే గేట్లోంచి ముసలివాళ్లు రాసాగారు. ఒకాయన పెద్ద కారు దిగాడు. ఇంకొకాయన ఉప్పల్ నుంచి తన ఆటో తనే నడుపుకుంటూ వచ్చాడు. ఒకరినొకరు పాత హాస్టల్ నంబర్లతో పిలుచుకుంటూ, చిన్నప్పుడు ఎవరెక్కడ కూర్చునేవారో సరిగ్గా అక్కడే నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ తడుముకోలేదు! తేజేష్ నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

కనకరాజు విస్తర్లు పరిచి, ఆటోలో వచ్చిన అన్నం, పప్పు వడ్డించాడు. వరసల్లో అక్కడక్కడా విస్తర్లు బోర్లించి ఉన్నాయి.

"గా నంబర్లోళ్లు సచ్చిపోయిన్రు," అన్నాడు కనకరాజు.

ఒక్కచోట మాత్రం మనిషి లేడు గానీ, విస్తరి నిండా వేడి అన్నం, పప్పు.

"మరి ఇదెవరిది?"

"నలభై ఒకటిది. పదో తరగతి కాంగనే పోయిండు, మల్ల రాలే. సచ్చిపోయిండని కబురొచ్చేదాంక వడ్డించుడే. యాభై ఏండ్ల సంది వడ్డిస్తున్నం."

 ఇలాంటి మనుషులుంటారా అనిపించింది తేజేష్‌కు. ఉద్యోగం పోతే పోయిందనుకుని బయటికొచ్చి ఓనరుకు ఫోన్ చేశాడు. ముసలివాళ్ల సంగతి, బోర్లించిన విస్తర్ల సంగతి, ఆ ఖాళీ చోటి సంగతి గడగడా చెప్పేశాడు.

"ఈరోజు నా వల్ల కాదు సార్. తిట్టినా సరే."



"యాభై ఏండ్ల సంది వడ్డించిన్రా?" గోపాలరావు ఈసారి కేకలేయలేదు. "జేసీబీని పంపించెయ్ తేజేష్. నలభై ఒకటి వస్తుండని జెప్పు, నా విస్తరి తియ్యొద్దను!"