పాలిచ్చిన తల్లి

ఎడారి పట్నం కిఫాలోని ఠాణాలో ముల్‌ఖైర్ కుర్చీ అంచున కూర్చుంది. యజమాని ఎదుట కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. మాటిమాటికీ లేవబోతుంటే కూతురు భుజం పట్టి కూర్చోబెడుతోంది. నిరుడు రాజధాని నువాక్షోత్‌కు పారిపోయి, ఇప్పుడొచ్చి ఫిర్యాదు చేసింది ఆ పిల్లే.

"ఈమె నీ బానిసేనా?" అని అధికారి అడిగాడు.

"ఎంత మాట!" యజమాని అహ్మదూ నొచ్చుకున్నాడు. "నాకు పాలిచ్చి పెంచింది. మా అమ్మండీ! ఏమ్మా, మన గుడారంలో నీకేం తక్కువ చేశాం?"

ముల్‌ఖైర్ కళ్లు చెమర్చాయి. పాలిచ్చిన మాట నిజమే.

"నోరు తెరిచి చెప్పవే అమ్మా!" కూతురు గింజుకుంది.

"నాలుక పిడచకట్టుకుపోయింది నాయనా, కాసిని నీళ్లిస్తావా?" అంది ముల్‌ఖైర్ అహ్మదూతో.

"అయ్యో, దానికేం!" అంటూ అతను అలవాటు కొద్దీ గుమ్మంవైపు తిరిగి కేకేశాడు. "ముల్‌ఖైర్! నీళ్లు పట్రా!"

అధికారి కలం ఆగింది.

ముల్‌ఖైర్ లేచింది. మూలనున్న కుండలో గ్లాసు ముంచి తెచ్చి, అహ్మదూ ముందు నిలబడి, చివరి చుక్కదాకా తానే తాగింది.

"పదవే," అంది కూతురితో.