పది గంటల చప్పుడు

“పదిలోపు ఇది స్టార్టవ్వాలి బాబూ,” అంది ఆవిడ, మెకానిక్ సంచి ఇంకా భుజం మీంచి దించకముందే.

మెకానిక్ షెడ్డులోకి తొంగిచూశాడు. పెట్రోలుతో నడిచే పాతకాలం ట్రాక్టరు. అతని కన్నా పదేళ్ళు పెద్దదే అయ్యుంటుంది. గోడకు పానాలన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా వేలాడుతున్నాయి.

“సారు పద్ధతిగల మనిషి. ఎక్కడున్నారు?”

“ఎనిమిదిన్నర దాటింది. అవుతుందా, అవదా?”

పాత ఇంజన్లు బాగుచెయ్యడంలో అతన్ని మించినవాడు లేడు. చిక్కల్లా ఒకటే, చేతుల కన్నా నోరు ఎక్కువ ఆడుతుంది. “పదింటికి ఏమైనా ముహూర్తమా అమ్మా?” అన్నాడు.

ఆవిడకు నవ్వు రాలేదు. కూతురు ఆసుపత్రిలో ఉందని చెప్పింది. ఎనిమిదో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి మూడు నెలలుగా మంచం దిగనివ్వడం లేదు. ఏ చిన్న కంగారూ పనికిరాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రోజూ పదింటికి అల్లుడు ఫోను కలిపిస్తాడు, ఐదే ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో ఈ చప్పుడు వినపడాలి. తండ్రి ఒళ్ళో కూర్చుని ఈ ట్రాక్టరు మీదే నిద్రపోయిన పిల్ల. వినపడకపోతే ఇంటి దగ్గర ఏదో అయిందని బెంగపెట్టుకుంటుంది.

“నిన్న మొరాయించింది. ఏదో సర్దిచెప్పాను. ఇవాళ కూడానంటే నమ్మదు.”

మెకానిక్ సంచి దించాడు. ఇంజను దగ్గరికి వెళ్ళాడు.

ట్యాంకు మూత పక్కన తెల్ల రంగుతో గుండ్రటి అక్షరాలున్నాయి. ‘కొత్త పెట్రోలు పొయ్యకూడదు.’ అతను మూత తీసి వాసన చూశాడు. కింది గొట్టం విప్పి సీసాలోకి కాస్త పట్టి, వెలుగులో పెట్టాడు. పెట్రోలు కింద నీళ్ళలాంటి పొర కనిపించింది.

“ఇదీ సంగతి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాలు కలుపుతున్నారు కదా. అది గాల్లో తేమనంతా పీల్చుకుంటుంది. కొత్త బళ్ళు తట్టుకుంటాయి, ఇలాంటి ముసలిదానికి అరగదు. ఈ రబ్బరు పైపు చూడండి, నొక్కితే వేలికి అంటుకుంటోంది. ఇంజను బాగా దగ్గుతోందా?”

“రెండు నెలల నుంచి.”

“ఇంత చక్కగా రాసుకున్న పెద్దమనిషి ఆ పెట్రోలే ఎలా పోశారమ్మా?”

“నేనే పోశాను. కలపని పెట్రోలు ఎక్కడో దూరాన ఒక్క బంకులోనే దొరుకుతుంది. అంతదూరం వెళ్ళి తేవడం నావల్ల కాదు. పక్కవీధిలోంచి తెచ్చాను.”

“సారు చూసి ఊరుకున్నారా?”

“ఏమీ అనలేదు.”

“బంగారంలాంటి మనిషి. నా బండిలో మా ఆవిడ ఇలాంటిది పోసుంటే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి.”

ఆవిడ గోడవైపు తిరిగింది. తిన్నగానే ఉన్న పానాను ఒకదాన్ని ఇంకాస్త తిన్నగా సర్దింది.

అతను ట్యాంకు ఖాళీ చేశాడు. కార్బురేటర్ విప్పాడు. ఇత్తడి గిన్నె అడుగున పచ్చటి జిగురు పేరుకుంది. గీకి, కడిగి, సన్నటి రంధ్రంలో తీగ పెట్టి నోటితో ఊదాడు. కొత్త పైపు తొడిగాడు. తన వ్యానులోంచి డబ్బా తెచ్చాడు. పాత బళ్ళ కోసం కలపని పెట్రోలు ఎప్పుడూ దగ్గరుంచుకుంటాడు.

పదికి పది నిమిషాలు. హ్యాండిల్ తిప్పాడు. ఒక్క దగ్గు దగ్గి ఆగింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి అదీ లేదు.

“మీకు పుణ్యముంటుంది బాబూ,” అంది ఆవిడ.

మూడోసారికి అందుకుంది. రేకులు అదిరాయి. ఆ తరువాత చప్పుడు కుదురుకుంది, కుట్టుమిషను మీద మంచి దర్జీ కూర్చున్నట్టు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను గర్వంగా సీటెక్కబోయాడు.

“ఉండండి.”

ఆవిడ సీటు మీద మడిచి వేసిన గోనెపట్టా తీసి గుండెకు హత్తుకుంది. అతను ఉత్త ఇనుము మీద కూర్చున్నాడు.

ఫోను మోగింది.

“నేను చెయ్యెత్తితే రెండుసార్లు రేజ్ చెయ్యండి.”

“ఎందుకమ్మా?”

“చెయ్యండి బాబూ.”

ఆవిడ షెడ్డు గుమ్మంలోకి వెళ్ళి ఫోను చెవికి ఆనించుకుంది. “తిన్నావా తల్లీ? కాళ్ళ వాపు తగ్గిందా?”

“తగ్గింది. బిడ్డ బాగా కదులుతోంది. తూకం కూడా సరిపోయిందన్నారు, ఇక భయం లేదట.”

“చల్లటి మాట చెప్పావు. అదిగో, వినపడుతోందా? మీ నాన్న పొద్దున్నుంచీ దాని మీదే. దిగమంటే దిగడు. ఫోను పట్టుకోమంటే విసుక్కుంటాడు, నీకు తెలీదా. బాగున్నావా అని అడుగుతున్నాడు.”

చెయ్యెత్తింది. మెకానిక్ అయోమయంగా చూసి, రెండుసార్లు రేజ్ చేశాడు.

ఆవిడ ఫోను చెవికి ఇంకాస్త అదుముకుంది.

“ఇవాళ చప్పుడు బాగుందమ్మా,” అంది కూతురు. “ఒక్క దగ్గు కూడా లేదు.”

“మరి మీ నాన్న చెయ్యి పడితే అంతే.”

“నాన్న బతికుంటే తన బండిని ఒక్కరోజైనా అలా దగ్గనిచ్చేవాడా అమ్మా, నాకు రెండు నెలల కిందటే తెలిసిపోయింది, ఇక ఆ ఇంజను ఆపించి నాతో కలిసి ఏడువు.”