బండికి పడని నూనె

"మా కడుపులు కాల్చింది చాలక ఇప్పుడు బస్సును కూడా కాల్చారు! మీరే, ఇంకెవరో కాదు!"

కుట్టు ఫ్యాక్టరీ గేటు దాటుతూనే పెద్దక్క మేనేజరు మొహాన అనేసింది. అక్కడ అందరికంటే ముందు పనిలో చేరిన మనిషి కాబట్టి ఆమె అందరికీ పెద్దక్కే. ఆమె వెనక ఇరవై తొమ్మిది మంది ఆడవాళ్లు బస్సును తోసుకుంటూ లోపలికి తెచ్చారు. మలుపు దగ్గర దగ్గి దగ్గి ఆగిపోయింది అది. అక్కడి నుంచి తోపుడే. కొందరి చెప్పులు చేతుల్లోకొచ్చాయి. అరిచే ఓపిక పెద్దక్కకొక్కదానికే మిగిలింది.

మేనేజరు వాచీ చూసుకున్నాడు. "ముప్పావుగంట ఆలస్యం. కడుపుల సంగతి తర్వాత. డ్రైవరేడి?"

డ్రైవరు దిగి వచ్చాడు. అతని దగ్గర వేయించిన బంగాళాదుంపల వాసన. ఆర్నెల్లుగా అదే వాసన. డీజిల్ ఖర్చు తగ్గించాలని, క్యాంటీన్లో వేయించగా మిగిలిన నూనెతో బస్సు నడపమన్నది మేనేజరే. ఆదా అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఆదా ఎవరి ఒంట్లోంచి వస్తోందో ఒక్కడూ అడగలేదు.

"నువ్వు సరిగా వడకట్టి ఉండవు," అన్నాడు మేనేజరు.

"మూడు మడతల గుడ్డలో వడకడుతున్నా సార్. డీజిల్ మీద స్టార్ట్ చేస్తా, ఇంజను వేడెక్కాకే నూనెకి మారుస్తా. ఆపే ముందు మళ్లీ రెండు నిమిషాలు డీజిల్. ఒక్కరోజు తప్పలేదు."

"మరి బస్సు అలిగిందా?"

"బస్సు అలిగితే మీకు తెలుస్తుంది. మేం అలిగితే కనబడదు," అంది పెద్దక్క.

"నువ్వుండక్కా," డ్రైవరు గొంతు తగ్గించాడు. "నా ఉద్యోగానికే ఎసరొచ్చేలా ఉంది."

"ఉంటే ఏం ఒరిగింది తమ్ముడూ? మూడు నెలలుగా ఓర్చుకుంటూనే ఉన్నాంగా." మేనేజరు వైపు తిరిగింది. "నూనె మార్చండి, నూనె మార్చండి అని నోరు పడిపోయేలా అడుగుతున్నాం. మధ్యాహ్నం క్యాంటీన్లో తింటే సాయంత్రం దాకా గుండెల్లో మంట. మిషను మీద వంగితే తిన్నది గొంతులోకొస్తోంది. నిన్న ఇద్దరు వాంతులు చేసుకున్నారు."

"ఇంట్లో ఏం తిని వచ్చారో!" అన్నాడు మేనేజరు.

డ్రైవరు ఫోను చేస్తే వచ్చిన మెకానిక్ అప్పటికే బానెట్ ఎత్తాడు. డీజిల్ ఫిల్టరు విప్పి అరచేతిలో బోర్లించాడు. ఏమీ కారలేదు. నల్లటి ముద్ద ఒకటి అంచుకు వేలాడింది. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. డీజిల్ పంపు గొట్టాలు ఊడదీసి చాలాసేపు తంటాలు పడ్డాడు.

"ఈ నూనె ఎన్నిసార్లు కాచారు?"

అందరూ క్యాంటీన్ గుమ్మంలో నిలబడ్డ వంటామె వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తారు? శనివారం దాకా కొత్త డబ్బా విప్పొద్దన్నారు సారు. సోమవారం మూకుట్లో పోసిందే ఆరు రోజులూ. ఆ తర్వాత బస్సుకి."

మేనేజరు నీళ్లు నమిలాడు. "అంటే... వృథా కాకూడదని..."

"అంతలా మాడిన నూనె జిగురైపోతుంది సార్. గుడ్డలో వడకడితే పోదు. లోపలంతా పట్టేసి పంపు బిగుసుకుపోయింది. కొత్తది వేయాల్సిందే. డ్రైవరు తప్పేం లేదు. రెండు రోజులకి మించి కాచిన నూనె బండికి పడదు."

"కొత్త పంపా?" మేనేజరు మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆ మాట కాగితం మీద రాసివ్వు. యజమానికి చూపించాలి."

మెకానిక్ జేబులోంచి చీటీల పుస్తకం తీసి, బస్సు మెట్టు మీద పెట్టి రాసిచ్చాడు. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివాడు. వెంటనే వంటామె మీద కేకేశాడు.

"ఇకనుంచి రెండు రోజులకోసారి నూనె మార్చాలి. మూడో రోజు ఒక్క పూట కూడా వాడొద్దు! వినబడిందా?"

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముప్పై మంది మూడు నెలలు మొత్తుకుంటే మారని నూనె ఒక్క చీటీకి మారింది. ఒకామె చెప్పులు కిందేసి కాళ్లు దూర్చుకుంది. "పోనీలే, బస్సు పుణ్యం," అంది ఇంకొకామె. డ్రైవరుకి ప్రాణం లేచొచ్చింది.

"సార్, షెడ్డులో బస్సుకని దాచిన పాత నూనె రెండు డ్రమ్ములుంది. పారబోసేయనా?"

"పారబోస్తావా? నీ బాబు సొమ్మనుకున్నావా?" మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. "పంపు రావడానికి ఎలాగూ వారం పడుతుంది. అప్పటిదాకా బస్సుకి మంచి నూనెతో పనేముంది? డ్రమ్ములు క్యాంటీన్లో దించు. ముందు అది వంటకి వాడేయండి. కొత్త డబ్బా సంగతి పంపు వచ్చాక."

వంటామె తల దించుకుంది. పెద్దక్క ఈసారి మేనేజరు వైపు చూడను కూడా లేదు. సామాను సర్దుకుంటున్న మెకానిక్ దగ్గరికెళ్లి, అతని జేబులోని చీటీల పుస్తకం తనే తీసి చేతిలో పెట్టింది.

"మేస్త్రీ, ఇంకో చీటీ రాయి. ఇక్కడ ఇంకో ముప్పై బండ్లున్నాయి, వాటికీ ఈ నూనె పడదు అని రాయి. ఇప్పుడే రాయి."